"యిరూహ్" అంటే వెళ్తాడా, వెళ్తున్నాడా? ఖతర్ అరబీలో వర్తమాన కాలం

ఈ వారం ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకటే మెసేజ్ పెట్టారు. "అన్నా, మెట్రోలో వింటున్నంతసేపూ అర్థమైంది, ముషైరిబ్‌లో దిగేసరికి మర్చిపోయాను. రాసి పెట్టండి" అని. అందుకే ఇది. ఎపిసోడ్‌లో మాట్లాడిన వరుసే ఇక్కడ ఉండదు. అక్కడ తొందరలో దాటేసినవి కొన్ని ఇక్కడ నెమ్మదిగా చెప్తాను.

ముందు నా తప్పుతో మొదలుపెడతాను. ఎపిసోడ్‌లో సగమే చెప్పాను.

2021 జూన్ 1. ఆ ఏడాది ఎండాకాలం నిబంధన మారింది. బయట ఎండలో చేసే పని పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆపెయ్యాలి, జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు. అంతకుముందు పదకొండున్నర నుంచి మూడు దాకానే ఆపేవాళ్ళు. నేనప్పుడు ఒక సైట్‌కి లేబర్ బస్సు నడుపుతున్నాను. ఫోర్‌మన్ ఈజిప్టు ఆయన. పొద్దున్నే బస్సు దగ్గరికి వచ్చి "అల్ ఉమ్మాల్ బియిత్‌లఊ అస్సాఅ అషరా" అన్నాడు. ఉమ్మాల్ అంటే వర్కర్లు, అషరా అంటే పది, యిత్‌లఊ అంటే బయటకి రావడం. నాకు అప్పటికే ఒక ఖతరీ ఇంట్లో మూడేళ్ళు డ్రైవర్‌గా చేసి నేర్చుకున్న అరబీ ఉంది. ఆ ఇంట్లో మాట ముందు "బి" వచ్చిందంటే అది జరగబోయేదే. కాబట్టి నా చెవికి "ఇవాళ పదింటికి బయటకొస్తారు" అని వినపడింది. సరేనని ఆ రోజు పదింటికి బస్సు పెట్టాను. మర్నాడు మామూలుగా పదకొండున్నరకి వెళ్ళాను. నలభై మంది ఒక కంటైనర్ పక్కన జానెడు నీడలో గంటన్నర కూర్చుని ఉన్నారు. ఒక పెద్దాయన, మన నిజామాబాద్ వైపు ఆయనే, బస్సెక్కుతూ నా మొహం కూడా చూడలేదు.

ఫోర్‌మన్ చెప్పిన మాటలో తప్పు లేదు. "పదింటికి వస్తారు" అన్నాడు. రోజూ అని ఆయన లెక్క, ఇవాళ అని నా లెక్క. ఒక్క "బి" దగ్గర వచ్చిన తేడా ఇది. ఆ "బి" సంగతికి మళ్ళీ వస్తాను. ముందు అసలు క్రియ ఎలా కట్టారో చూద్దాం.

ఎవరు చేస్తున్నారో క్రియే చెప్తుంది

తెలుగులో "వెళ్తాను" అంటే చాలు, "నేను" అనక్కర్లేదు. చివర "ను" ఉంది కదా. "వెళ్తావు", "వెళ్తాడు", "వెళ్తుంది" - మనిషెవరో తోకలో తెలిసిపోతుంది. స్పానిష్ కూడా అంతే: "అబ్లో" అంటే మాట్లాడతాను, "అబ్లాస్" అంటే మాట్లాడతావు. 2022 వరల్డ్ కప్ అప్పుడు సూఖ్ వాకిఫ్‌లో అర్జెంటీనా వాళ్ళ మధ్య తిరిగినవాళ్ళకి ఆ తోకలు చెవిన పడే ఉంటాయి. అరబీలో మాత్రం వర్తమానంలో మనిషి గుర్తు ముందుకి వస్తుంది. కొన్నిసార్లు ముందూ వెనకా రెండు వైపులా వస్తుంది. "వెళ్ళు" అనే క్రియ తీసుకుందాం, రూహ్.

అనా అరూహ్ - నేను వెళ్తాను
ఇంత తిరూహ్ - నువ్వు వెళ్తావు (మగవాళ్ళతో)
ఇంతి తిరూహీన్ - నువ్వు వెళ్తావు (ఆడవాళ్ళతో)
హువ యిరూహ్ - అతను వెళ్తాడు
హియ తిరూహ్ - ఆమె వెళ్తుంది
ఇహ్నా నిరూహ్ - మేం వెళ్తాం, మనం వెళ్తాం
ఇంతూ తిరూహూన్ - మీరంతా వెళ్తారు
హుమ యిరూహూన్ - వాళ్ళు వెళ్తారు

ముందు "అ" ఉంటే నేను, "తి" ఉంటే నువ్వు లేదా ఆమె, "యి" ఉంటే అతను, "ని" ఉంటే మేము. చివర "ఈన్" చేరితే ఎదురుగా ఉన్నది ఆడమనిషి, "ఊన్" చేరితే ఒకరికంటే ఎక్కువమంది. ఇంతే. ఈ ఎనిమిదీ నోటికొస్తే తక్కిన క్రియలు చాలావరకు ఇదే అచ్చులో పోసుకోవచ్చు: అష్‌తిగిల్ (పనిచేస్తాను), అషూఫ్ (చూస్తాను), అగూల్ (చెప్తాను), అబీ (నాకు కావాలి), అద్రీ (నాకు తెలుసు). ఖతర్‌లో "క" గొంతు లోపలి నుంచి రావలసిన చోట చాలామంది "గ" అంటారు. అందుకే పుస్తకంలో "అకూల్" అని చదువుకుని వస్తే బయట "అగూల్" వినపడుతుంది. "జ" కూడా చాలా మాటల్లో "య" అయిపోతుంది. తీసుకురా అనడానికి "జీబ్" కాదు, "యీబ్".

ఒక చిక్కు చూశారా? "తిరూహ్" అంటే నువ్వు వెళ్తావనీ అవుతుంది, ఆమె వెళ్తుందనీ అవుతుంది. ఇంట్లో మేడమ్ ఫోన్‌లో "తిరూహ్ అల్ మద్రసా" అంటే మిమ్మల్ని స్కూల్‌కి వెళ్ళమంటోందా, పాప స్కూల్‌కి వెళ్తుందంటోందా? సందర్భం చూసుకోవాలి, తెలియకపోతే "మన్?" (ఎవరు?) అని అడగాలి. అడిగితే ఎవరూ ఏమనుకోరు.

ఇంకోటి. మనవాళ్ళకి "ఇంత" అనడానికి నోరు రాదు. పెద్ద ముదీర్‌ని పట్టుకుని "నువ్వు" అనడమా అని. ఇక్కడి మాటల్లో మన "మీరు"కి సరిపడే విడి మాట రోజువారీ వాడకంలో లేదు. డ్రైవర్ షేక్‌తో మాట్లాడినా "ఇంత"యే. గౌరవం గొంతులో ఉంటుంది, ముందు పెట్టే సలాంలో ఉంటుంది. మర్యాద కోసమని ఒక్క మనిషితో "ఇంతూ తిరూహూన్" అంటే ఆయన వెనక్కి తిరిగి ఇంకెవరున్నారా అని చూస్తాడు.

రోజూనా, ఇప్పుడా, రేపా?

తెలుగులో "వెళ్తాను" రెండు పనులు చేస్తుంది. "రోజూ అల్ ఖోర్ వెళ్తాను", "రేపు అల్ ఖోర్ వెళ్తాను" - క్రియ ఒక్కటే. ఇప్పుడు జరుగుతున్నదానికి మాత్రం "వెళ్తున్నాను". ఈ అలవాటునే మనం అరబీలోకి మోసుకొస్తాం. అక్కడే దెబ్బ తింటాం.

ఖతరీ మాటలో "అరూహ్" అంటే ముఖ్యంగా అలవాటు: రోజూ వెళ్తాను, వెళ్తుంటాను. వెళ్ళబోతున్నానని తేల్చి చెప్పాలంటే ముందు "బ" చేరుస్తారు: బరూహ్, బితిరూహ్, బియిరూహ్. "బుక్రా బరూహ్" - రేపు వెళ్తాను. వెళ్ళాలన్న ఉద్దేశం కూడా అందులోనే ఉంటుంది.

ఇప్పుడు ఆ ఈజిప్టు ఫోర్‌మన్ దగ్గరికి వద్దాం. ఈజిప్టు వాళ్ళకీ, సిరియా, లెబనాన్ వాళ్ళకీ అదే "బి" వర్తమానం గుర్తు. ఈజిప్టు ఆయన "బియీగి" అంటే "వస్తాడు, వస్తుంటాడు, వస్తున్నాడు". రాబోయేదానికి వాళ్ళు "హ" పెడతారు: "హయీగి", వస్తాడు, ఇంకా రాలేదు. ఖతరీ మనిషి "బియ్యీ" అంటే రాబోతున్నాడు. అక్షరం ఒకటే, కాలం వేరు. దోహాలో మనకి రోజుకి ఇద్దరు ముగ్గురు దేశాల అరబీ చెవిన పడుతుంది: ఇంట్లో ఖతరీ, ఆఫీసులో ఈజిప్షియన్, మెకానిక్ దగ్గర సిరియన్. కాబట్టి "బి" వినపడగానే ముందు మాట్లాడేది ఎవరో చూడండి. అనుమానం ఉంటే రెండే రెండు మాటలతో తేలుతుంది: "కుల్ యోమ్, వల్లా అల్ యోమ్ బస్?" రోజూనా, లేక ఇవాళ ఒక్కరోజేనా? ఆ జూన్ 1న ఈ ముక్క నాకు వచ్చి ఉంటే బాగుండేది.

ఒక వినేవారు, గోదావరి జిల్లా అక్క, పంపిన వాయిస్ మెసేజ్ ఎపిసోడ్‌లో పేరు చెప్పకుండా వినిపించాను. ఆమెకి కొత్తగా షుగర్ బయటపడింది. పరీక్షలో రక్తంలో షుగర్ చాలా ఎక్కువ చూపించింది. డాక్టర్ "తాఖ్దీన్ దవా?" అని అడిగాడు. మందు వేసుకుంటున్నావా అని. ఆమె "ఆఖిద్, ఆఖిద్" అంది. ఆమె మనసులో ఉన్నది "వేసుకుంటానండీ, ఇస్తే తప్పకుండా వేసుకుంటాను". డాక్టర్‌కి వినపడింది "రోజూ వేసుకుంటూనే ఉన్నాను". మందు వాడుతున్నా షుగర్ ఇంత ఉందంటే మోతాదు పెంచాలి కదా, అలాగే రాశాడు. మందుల కౌంటర్ దగ్గర మలయాళీ అమ్మాయి పాత చీటీ చూపించమని అడగబట్టి, పాత చీటీ అసలు లేదని తేలి, మళ్ళీ లోపలికి పంపారు. ఆమె అనాల్సింది "అల్‌హీన్ మా ఆఖిద్, బాఖిద్" - ఇప్పుడు వేసుకోవట్లేదు, ఇకమీద వేసుకుంటాను. మన తెలుగు "వేసుకుంటాను"లో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయని డాక్టర్‌కేం తెలుసు?

ఆసుపత్రి మాటల్లో ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. నొప్పి దగ్గర "నేను" కర్త కాదు. "రాసీ యిఅవ్విర్‌నీ" - తల నన్ను నొప్పిస్తోంది. కడుపైతే "బత్నీ యిఅవ్విర్‌నీ". తెలుగులో కూడా తలే నొప్పెడుతుంది, మనం కాదు. కాబట్టి ఇది మనకి సులువు.

కూర్చుని పరిగెత్తడం

ఇప్పుడే, ఈ నిమిషంలో జరుగుతోందని చెప్పాలంటే క్రియ ముందు "గాఇద్" పెడతారు. ఆడవాళ్ళైతే "గాఇదా", ఎక్కువమందైతే "గాఇదీన్". "గాఇద్ అష్‌తిగిల్" - పనిచేస్తున్నాను, తర్వాత ఫోన్ చెయ్యి. గాఇద్ అంటే అసలు అర్థం "కూర్చుని ఉన్నవాడు". మరి "గాఇద్ యిర్‌కిద్" అంటే? కూర్చుని పరిగెత్తుతున్నాడని! మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత చూస్తే స్పానిష్ వాళ్ళు "ఎస్తోయ్ కొమియెందో" (తింటున్నాను) అన్నప్పుడు ఆ "ఎస్తోయ్" లాటిన్‌లో "నిలబడు" అనే క్రియ నుంచి వచ్చిందట. మన "తింటున్నాను"లో దాక్కుని ఉన్నది "ఉన్నాను". వాళ్ళు నిలబడి తింటారు, వీళ్ళు కూర్చుని తింటారు, మనం ఊరికే ఉండి తింటాం.

కానీ రావడం, పోవడం, ఉండడం, పడుకోవడం లాంటి వాటికి గాఇద్ అక్కర్లేదు. వాటికి వేరే రూపం ఉంది, ఈ ఎపిసోడ్ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం అదే. రాయిహ్ (వెళ్తున్నవాడు), యాయ్ (వస్తున్నవాడు), సాకిన్ (ఉంటున్నవాడు), నాయిమ్ (పడుకున్నవాడు), ఫాహిమ్ (అర్థమైనవాడు). మొదట దీర్ఘం "ఆ", తర్వాత "ఇ". "వేన్ సాకిన్?" - ఎక్కడుంటున్నావు? "సాకిన్ ఫిల్ వక్రా". "అనా యాయ్" - వస్తున్నా, దారిలో ఉన్నా. ఇవి మనిషిని బట్టి మారవు. ఆడవాళ్ళకి రాయిహా, ఎక్కువమందికి రాయిహీన్, అంతే. కాబట్టి "నేను", "నువ్వు" ముందు పెట్టుకోవాలి.

ఈ అచ్చు మనకి కొత్తదా? కాదు. ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కిన ప్రతి తెలుగువాడికీ వచ్చు. హాజరు, దాఖలు, జారీ, ఖాళీ, రాజీ, ఖాయం. ఇవన్నీ అరబీలో ఈ రూపాలే, ఫార్సీ ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకి దిగాయి. హాజరు అంటే హాదిర్, "ఎదుట ఉన్నవాడు". దాఖలు అంటే దాఖిల్, "లోపలికి వెళ్ళినది". ఇక్కడ "ముదీర్ దాఖిల్" అంటే ముదీర్ లోపలున్నాడని. జారీ అంటే "పారుతున్నది". ఆర్డర్ జారీ అయిందంటే అది పారడం మొదలైందన్నమాట. ఖాయం అంటే "నిలబడి ఉన్నది". మామూలు కూడా అరబీదే, అయితే అచ్చు వేరు: మఅమూల్, "చేయబడినది". అదే ధాతువు నుంచే "ఆమిల్", పనిచేసేవాడు, వచ్చింది. మనల్ని ఇక్కడి కాగితాల్లో పిలిచే పేరు అదే.

ఒక్క జాగ్రత్త. కొన్ని క్రియల్లో ఈ రూపం "చేస్తున్న" అని కాదు, "చేసేసి ఉన్న" అని చెప్తుంది. "అనా మాకిల్" అంటే తింటున్నానని కాదు, తిని ఉన్నాను, ఇప్పుడొద్దు అని. తింటున్నానంటే "గాఇద్ ఆకిల్".

కాదనడం కూడా రెండు రకాలు. క్రియ ముందు "మా": మా అరూహ్, మా అద్రీ. ఈ రాయిహ్, సాకిన్ లాంటి వాటి ముందు "ముబ్": ముబ్ రాయిహ్, వెళ్ళట్లేదు. ఇక "లా" వేరు. "మా తిరూహ్" అంటే నువ్వు వెళ్ళవు. "లా తిరూహ్" అంటే వెళ్ళొద్దు. ఇది ఆజ్ఞ.

"అనా ఫీ రూహ్" సంగతి

ఇండస్ట్రియల్ ఏరియాలో ఇదంతా ఎవరు మాట్లాడతారన్నా అని అడుగుతారు. నిజమే. అక్కడ "అనా ఫీ రూహ్", "ఇంత మాఫీ మాలూమ్"తో బండి నడిచిపోతుంది. దాన్ని నేను తక్కువ చెయ్యను. నేపాలీ, బంగ్లా, తెలుగు, పఠాన్ మనుషులు కలిసి పనిచెయ్యడానికి వాళ్ళే తయారుచేసుకున్న మాట అది, దానికీ ఒక పద్ధతి ఉంది. ఖతర్ యూనివర్సిటీలో పనిచేసిన ముర్తదా బాకిర్ అనే భాషా శాస్త్రవేత్త 2010లో దాని క్రియల మీదే ఒక వ్యాసం రాశారు. క్రియ ఒక్క రూపంలోనే ఉంటుంది, మనిషిని బట్టి మారదు. అరబీలో "అనా సవ్వాగ్" (నేను డ్రైవర్ని) అంటే చాలు, మన తెలుగులాగే మధ్యలో ఏమీ అక్కర్లేదు. ఈ మాటలో అక్కడ కూడా "ఫీ" చేరుతుంది.

ఇబ్బంది ఎక్కడంటే, కాలం తేల్చాల్సిన చోట అది చేతులెత్తేస్తుంది. "ముదీర్ మాఫీ యఅతీ ఫులూస్" అని ఫిర్యాదు చేశారనుకోండి. డబ్బు ఇవ్వడా, ఇవ్వలేదా, ఇవ్వనన్నాడా? వినే అధికారి మూడు రకాలుగా రాసుకోవచ్చు. అరబీలో మూడూ వేరు:

మా యఅతీనీ రాతిబ్ - జీతం ఇవ్వడు, ఇవ్వట్లేదు
మా అతానీ రాతిబ్ - జీతం ఇవ్వలేదు
మా బియఅతీనీ - ఇవ్వబోడు

దానితోపాటు ఎన్నాళ్ళ నుంచో చెప్పండి. ఇక్కడ మనకి తెలుగు బాగా సాయపడుతుంది. "ఐదేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నా" అని వర్తమానంలోనే అంటాం కదా, అరబీ కూడా అంతే: "అష్‌తిగిల్ హ్నీ మిన్ ఖమ్స్ సినీన్". ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళే ఇక్కడ తడబడి భూతకాలం వాడేస్తారు. అప్పుడు వినేవాళ్ళు ఉద్యోగం మానేశాడనుకుంటారు.

కాగితం మీద వర్తమానం

చివరిగా కాంట్రాక్టు. 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ప్రకారం కాంట్రాక్టు అరబీలో ఉండాలి. పక్కన వేరే భాషలో అనువాదం పెట్టొచ్చు, కానీ తేడా వస్తే అరబీ ప్రతిదే చెల్లుతుంది. ఇంటి పనివాళ్ళకి వేరే చట్టం ఉంది, 2017 నాటి 15వది. కాగితం మీద ఉండేది వీధి అరబీ కాదు, పుస్తకాల అరబీ. అయినా "య", "త" గుర్తులు అవే.

అక్కడ వర్తమానం అంటే జరుగుతున్నదని కాదు, జరిగి తీరాలని. "యల్‌తజిమ్ అత్తరఫ్ అల్ అవ్వల్" అంటే మాటకి మాట "మొదటి పక్షం కట్టుబడుతుంది", అర్థం మాత్రం కట్టుబడి ఉండాలి. "యద్‌ఫఅ సాహిబ్ అల్ అమల్" అంటే యజమాని చెల్లిస్తాడు, అంటే చెల్లించాల్సిందే. మన పాత దస్తావేజుల్లో "చెల్లించువాడను" అని రాసేవారు కదా, అలాంటిది. "యజూజ్" అంటే చెయ్యొచ్చు, "లా యజూజ్" అంటే చెయ్యకూడదు. "యజిబ్" అంటే తప్పదు. "యహిక్కు లిల్ ఆమిల్" అని మొదలయ్యే వాక్యం కనపడితే అక్కడ ఆగండి. "కార్మికుడికి హక్కు ఉంది" అని మొదలవుతోంది అది. ఆ "హక్కు" మనదే, ఇంటి దగ్గర వాడుకునేదే. మొత్తం కాంట్రాక్టు చదవలేకపోయినా చదవగలిగిన స్నేహితుణ్ణి పక్కన పెట్టుకుని ఈ ఐదు మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టించుకోండి. "యజిబ్"ల పక్కన ఎవరి పేరుంది, "యహిక్కు" పక్కన ఎవరి పేరుంది అన్నది చూస్తే మీ ఒప్పందం ఎలాంటిదో సగం తెలుస్తుంది.

ఈ వారం పని: ఈ నాలుగూ అరబీలో చెప్పి వాయిస్ మెసేజ్ పెట్టండి. రోజూ ఐదింటికి వస్తాను. ఇప్పుడు దారిలో ఉన్నాను. రేపు రాను. రెండేళ్ళ నుంచి దోహాలో ఉంటున్నాను. ఆడవాళ్ళు తమ రూపంలోనే చెప్పాలి, మగవాళ్ళది కాపీ కొడితే పట్టేసుకుంటాను. మూడోదానికి రెండు రకాల జవాబులు రావచ్చు, రెండూ ఒప్పుకుంటాను. వచ్చే ఎపిసోడ్‌లో భూతకాలం, అక్కడ గుర్తులన్నీ మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతాయి.